హద్దు దాటని కార్డు



కాట్పాడిలో జోలార్‌పేట వైపు పోయే బండి ఎక్కితే, గుడియాత్తం రాకముందే మా లత్తేరి స్టేషను తగులుతుంది. పెద్ద బండ్లు చాలామటుకు ఇక్కడ ఆగవు కాబట్టి ఆ పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఇక్కణ్ణించి ఉత్తరంగా కొండలు దాటితే చిత్తూరు జిల్లా. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో లెక్కలేనన్ని. పిల్లనిచ్చింది పలమనేరులో, పిల్లను తెచ్చుకుంది కాట్పాడిలో అనే ఇళ్ళు వీధికి రెండు మూడు ఉంటాయి. గుడియాత్తం ఊరి మధ్య పారే కౌండిన్య నది కూడా పలమనేరు వైపు నుంచి వచ్చేదే.

2020 ఏప్రిల్ ఆఖరి వారంలో ఆ పలమనేరు రోడ్డు మీదే, సైనగుంట దగ్గర, రోడ్డుకు అడ్డంగా గోడ కట్టారు. పొన్నై మీదుగా చిత్తూరు పోయే దారిలో మరో గోడ లేచింది. కట్టించింది వేలూరు జిల్లా యంత్రాంగం. కరోనా రోజులు, పాసులు లేకుండా జనం అటు నుంచి వస్తున్నారు, ఆపాలి అన్నది వాళ్ళ మాట. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. చిత్తూరు వైపు అధికారులు ఇదేమిటని అడిగారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆ గోడల్ని పడగొట్టేశారు.

ఆ అధికారులను ఆడిపోసుకోవడానికి ఈ సంగతి ఎత్తలేదు. ఆ నెలల్లో భయపడని అధికారి ఎవరు? కానీ బారికేడు వేరు, గోడ వేరు. బారికేడు పక్కన కానిస్టేబులు ఉంటాడు. పురిటి నొప్పుల మనిషి వస్తే తీసి పంపుతాడు. కూరగాయల లారీ వస్తే కాగితం చూసి వదులుతాడు. గోడకు ఆ విచక్షణ లేదు. ఆపద వచ్చినప్పుడు ప్రభుత్వాలు చేసే ఆర్థిక నిర్ణయాల్లో కూడా కొన్ని బారికేడులా ఉంటాయి, కొన్ని గోడలా ఉంటాయి. ఈ పూట నా ప్రసంగమంతా దాని గురించే.

ముందు ఆ హద్దు వయసెంతో చూద్దాం. 1911 దాకా చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. పైగా జిల్లా ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడ్డాక కలెక్టరు కచేరి వేలూరుకు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక అది రాష్ట్రాల హద్దయింది. 1960లో తిరుత్తణి వైపు కొన్ని ఊళ్ళు అటూ ఇటూ మారాయి. అంటే మా తాతల కాలంలో తాలూకాఫీసు పని మీద నడిచివెళ్ళిన దారి, మనుమల కాలానికి పరాయి రాష్ట్రపు దారి. గీత గీయడం సులువు. గీతకు అటూ ఇటూ ఉన్న కూలి, పాలు, టమాటా, మామిడి, వైద్యం మాత్రం పాత దారినే నడుస్తూ ఉంటాయి.

2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. 26న కేంద్రం లక్షా డెబ్బై వేల కోట్ల రూపాయల పథకం చెప్పింది. మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యమో గోధుమలో అదనంగా, ఇంటికి కిలో పప్పు, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు నెలకు ఐదు వందల చొప్పున మూడు నెలలు. తమిళనాడు ప్రభుత్వం బియ్యం కార్డుకు వెయ్యి రూపాయలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా వెయ్యి ఇచ్చింది, వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి చేతికి అందించారు. తెలంగాణ తెల్ల కార్డుకు పదిహేను వందలు, మనిషికి పన్నెండు కిలోల బియ్యం ఇచ్చింది. మొత్తాలు చిన్నవే గానీ చేరాల్సిన చోటికి తొందరగానే చేరాయి. అందుకు కారణం రేషన్ కొట్లు ముందే ఉండటం. తమిళనాడులో 2011 నుంచే బియ్యం ఉచితం, కొట్టు లేని ఊరు అరుదు. ఆ కొట్టు ముందు క్యూ కట్టడం జనానికి కొత్త కాదు.

కానీ ఒక మెలిక ఉంది. వెయ్యి రూపాయలు కార్డుకు ఇచ్చారు. కార్డు ఊరిది. కుప్పం నుంచి వచ్చి గుడియాత్తంలో గది అద్దెకు తీసుకుని పని చేసుకునే మనిషిని ఒకసారి ఊహించుకోండి. అతని కార్డు కుప్పంలో ఉంది. అక్కడ వాలంటీరు తలుపు తట్టే వేళకు అతను ఇక్కడ చిక్కుకుపోయి ఉన్నాడు. ఇక్కడి రేషన్ కొట్టువాడు, పాపం, మంచివాడే అయినా, అతని పేరు యంత్రంలో లేదు. రెండు ప్రభుత్వాలూ ఉదారంగానే ఉన్నాయి, రెండింటి ఉదారతా ఇతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. సైనగుంట గోడను మనుషులు కట్టారు, కెమెరాలకు చిక్కింది, వెంటనే పడింది. ఈ కార్డు గోడ ఫోటోలో పడేది కాదు.

ఇక్కడ తెలంగాణను మెచ్చుకోవాలి. వలస కూలీలకు కార్డు ఉందా లేదా అని చూడకుండా మనిషికి పన్నెండు కిలోల బియ్యం, ఐదు వందల రూపాయలు ఇస్తామంది. అమలులో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న లెక్క వేరే. మాట మాత్రం సరైన మాట. అయినా నెల తిరిగేసరికి ఏమయింది? ఏప్రిల్ ఆఖరులో సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీ కట్టడం పనిలో ఉన్న కూలీలు జీతాలు ఇవ్వండి, ఊళ్ళకు పంపండి అని తిరగబడ్డారు. మే ఒకటిన, కార్మిక దినం నాడే, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పన్నెండు వందల మందితో దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. తిండి ఉన్నా మనిషి ఆగడు. ఆపదలో అతనికి కావలసింది పని, లేదా తన ఊరు. రెండూ లేని చోట బియ్యం సంచి అతన్ని ఎంతకాలం పట్టి ఉంచుతుంది?

మా కాట్పాడి నుంచి రైలు కదిలింది మే 6న. అదీ జార్ఖండ్‌కే. అయితే అందులో వెళ్ళినవాళ్ళలో ఎక్కువ మంది కూలీలు కారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వైద్యం కోసం వచ్చి నెలన్నరగా చిక్కుకుపోయిన రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. ఈ సంగతి బయటివాళ్ళకు అంతగా తెలియదు. బెంగాలు, జార్ఖండ్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్ నుంచి ఏటా వేలాది మంది వేలూరుకు వస్తారు. ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో లాడ్జీలు, హోటళ్ళు, మందుల కొట్లు, చివరికి ఆటోలు కూడా వాళ్ళ మీదే బతుకుతాయి. ఆ వీధుల్లో బెంగాలీ బోర్డులు కనిపిస్తాయి, ఆటోవాడికి నాలుగు ముక్కల హిందీ, రెండు ముక్కల బెంగాలీ వచ్చు. లాక్‌డౌన్‌లో ఆ రోగుల చేతిలో డబ్బు అయిపోయింది. వాళ్ళు ఏ పథకం కిందికి వస్తారు? వలస కూలీలు కారు. స్థానికులు కారు. పేదలా అంటే, ఊళ్ళో పొలం అమ్మి వచ్చినవాడికి ఏ కార్డు ఉన్నా ఇక్కడ చెల్లదు. జిల్లా అధికారులు, ఆసుపత్రి వాళ్ళు, స్వచ్ఛంద సంస్థలు అన్నం పెట్టి ఆదుకున్నారు. రైలు వచ్చేదాకా వాళ్ళ బతుకు మనుషుల దయ మీద నడిచింది, చట్టం మీద కాదు.

టిక్కెట్టు ఎవరు కట్టాలి అన్న తగువు కూడా గుర్తుందా? నూటికి ఎనభై ఐదు వంతులు రైల్వే భరిస్తోంది, పదిహేను రాష్ట్రాలు భరించాలి అన్నారు ఢిల్లీలో. కూలీల దగ్గరే వసూలు చేశారన్న ఫిర్యాదులు చాలా చోట్ల వచ్చాయి. మే నుంచి ఆగస్టు ఆఖరు దాకా 4,621 శ్రామిక్ రైళ్ళలో 63 లక్షల మందికి పైగా ఇళ్ళు చేరారు. నడిచి వెళ్ళినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. దారిలో ఎందరు చనిపోయారని సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే ఆ వివరాలు తమ దగ్గర లేవని కార్మిక శాఖ జవాబిచ్చింది. లెక్కే లేనప్పుడు పరిహారం మాట ఎక్కడిది?

ఇప్పుడు గుడియాత్తం బజారుకు వద్దాం. ఈ ఊరికి మూడు జీవనాధారాలు. లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు. చుట్టుపక్కల పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో తోలు పని, చెప్పుల ఫ్యాక్టరీలు. యూరప్‌లో కొట్లు మూతపడితే ఆంబూరులో కుట్టు మిషన్లు ఆగుతాయి. అంత సూటిగా ప్రపంచంతో ముడిపడిన ప్రాంతమిది. ఆ ముడిని చూసుకోవడానికి పాత వేలూరు జిల్లా అంతా ఒకే యంత్రాంగం కింద ఉండేది. 2019 నవంబరులో దాన్ని మూడు ముక్కలు చేసి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు వేరు చేశారు. కొత్త జిల్లాల్లో కుర్చీలు సర్దుకునేలోపే కరోనా వచ్చి పడింది.

జర్మనీలో అప్పుడు ఏం చేశారో చూడండి. పని తగ్గినా మనిషిని తీసేయవద్దు, తగ్గిన జీతంలో పెద్ద వంతు ప్రభుత్వం ఇస్తుంది అనే పద్ధతి వాళ్ళకు ముందు నుంచే ఉంది. 2020 ఏప్రిల్‌లో సుమారు అరవై లక్షల మంది కార్మికులు దాని నీడన ఉన్నారు. ఫ్యాక్టరీ తెరిచిన రోజున పనివాళ్ళు అక్కడే ఉన్నారు. మన దగ్గర మార్చి 29న కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో కోత లేకుండా జీతాలు ఇవ్వాలి, కూలీలను అద్దె అడగరాదు అని. ఉద్దేశం మంచిదే. కానీ ఆ జీతానికి డబ్బు ఎవరిస్తారో అందులో లేదు. యజమానులు కోర్టుకు వెళ్ళారు. మే మధ్యలో ఆ ఉత్తర్వు గడువు చల్లగా ముగిసిపోయింది. ఇంకొకటి. గుడియాత్తంలో ఇంటి అరుగు మీద చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడమనిషికి ఏ హాజరుపట్టీ ఉంది? వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు ఇచ్చేవాడు రాకపోతే కూలి లేదు. జర్మనీ మందు ఇక్కడ నేరుగా పని చేయదు. ఆ మందు మింగాలంటే ముందు జీతాల రిజిస్టరు ఉండాలి.

మే నెలలో ఇరవై లక్షల కోట్ల ఆత్మనిర్భర్ ప్యాకేజీ వచ్చింది. అందులో చిన్న పరిశ్రమలకు మూడు లక్షల కోట్ల రుణాలకు ప్రభుత్వం హామీ ఉంటుందన్నారు. అప్పటికే బ్యాంకులో బాకీ ఉన్నవాడికి, ఆ బాకీలో ఐదో వంతు మేరకు కొత్త అప్పు. తోలు ఎగుమతిదారుకు, కొంచెం పెద్ద అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఇది నిజంగా ఊపిరి పోసింది, ఒప్పుకోవాలి. రెండు మగ్గాలు పెట్టుకుని సేటు దగ్గరో వారం వడ్డీవాడి దగ్గరో అప్పు తెచ్చుకునే నేతగాడికి బ్యాంకు బాకీయే లేదు. బాకీ లేదు కనుక సాయమూ లేదు. రిజర్వు బ్యాంకు వాయిదాలకు ఆగస్టు దాకా సెలవిచ్చింది గానీ ఆ సెలవు కాలానికి వడ్డీ నడుస్తూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2021 మార్చి వచ్చింది.

అగ్గిపెట్టెల కథ ఇంకా విచిత్రం. చేత్తో చేసిన అగ్గిపెట్టెకు ఐదు శాతం, యంత్రంతో చేసినదానికి పద్దెనిమిది శాతం జీఎస్టీ ఉండేది. 2020 మార్చి 14న జీఎస్టీ మండలి రెండింటినీ పన్నెండు శాతానికి తెచ్చింది. ఏప్రిల్ ఒకటి నుంచి అమలు. కాగితం మీద చక్కని సరళీకరణ. కానీ ఏప్రిల్ ఒకటిన గుడియాత్తంలో ఫ్యాక్టరీలు తాళం వేసి ఉన్నాయి. తాళం తీసేసరికి చేతిపనివాడి మీద పన్ను రెట్టింపు దాటింది, యంత్రంవాడికి తగ్గింది. ఆ తర్వాత భాస్వరం, మైనం, అట్ట ధరలు పెరిగి, పద్నాలుగేళ్ళుగా రూపాయి ఉన్న అగ్గిపెట్టె 2021 డిసెంబరు ఒకటి నుంచి రెండు రూపాయలైంది. ఎవరో కావాలని చేసిన కీడు కాదిది. ఒక గదిలో సాయం ప్యాకేజీ తయారవుతుండగా పక్క గదిలో పన్ను మారుతోంది, రెండు గదుల మధ్య తలుపు లేదు.

ఇదంతా కొత్తగా వచ్చిన తెలివితక్కువతనం అనుకోకండి. ఇంతకన్నా పెద్ద ఘోరం ఈ నేలే చూసింది. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. మా ఉత్తర ఆర్కాటు, ఆ పక్క కడప, బళ్ళారి, కర్నూలు, నెల్లూరు అన్నీ ఎండిపోయాయి. లత్తేరి మీదుగా పోయే ఈ రైలు మార్గం అప్పటికే ఉంది. మద్రాసు నుంచి ఆర్కాటు వైపు 1856లో పడిన మొదటి పట్టాలే 1860ల నాటికి పడమటి తీరం దాకా పోయాయి. బియ్యం బండ్లు నడిచాయి. ధాన్యం ఉంది, కొనే డబ్బు లేదు. ధాన్యం వ్యాపారంలో సర్కారు తలదూర్చకూడదని వైస్రాయి లిట్టన్ పట్టుదల. ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. 1877 జనవరిలో ఆయన కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర అని తేల్చాడు. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. రోజంతా మట్టి మోసే మగవాడికి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచారు. ఆ లోపు పోయినవాళ్ళు పోయారు.

ఆ కూలికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ రోజుల్లోనే పెట్టిన ఇంకో నిబంధన. పని ఊరి దగ్గర ఇవ్వకూడదు, దూరాన వేసిన పెద్ద శిబిరానికి వెళ్ళి ఉంటేనే ఇవ్వాలి. ఇల్లు వదలడానికి సిద్ధపడినవాడే నిజంగా ఆకలిగొన్నవాడు అని వాళ్ళ తర్కం. అప్పుడు సాయం కావాలంటే ఊరు వదలమన్నారు. 2020లో సాయం కావాలంటే ఊళ్ళో ఉండమన్నారు. మధ్యలో నూట నలభై మూడేళ్ళు. రెండు చోట్లా కాగితం మీద గీసిన చోటులో మనిషి లేకపోతే సాయం లేదు.

ఆ కరువు తర్వాత కమిషన్ కూర్చుని 1880లో నివేదిక ఇచ్చింది, కరువు నిబంధనల గ్రంథం తయారైంది. పని అడిగినవాడికి పని ఇవ్వాలన్న మూలసూత్రం అక్కడ మొదలై, ఎన్నో మలుపులు తిరిగి, మన ఉపాధి హామీ చట్టందాకా వచ్చింది. కరువు పుట్టించిన రెండో ఫలం వలస. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు తాలూకాల నుంచి జనం కూలీలుగా ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, ఇప్పుడు శ్రీలంక అంటున్న సిలోనుకు, బర్మాకు పోయారు. దర్బనులో చెరుకు తోటల్లో పని చేసినవాళ్ళ సంతతివాళ్ళు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, అది ఇప్పటికీ నడుస్తోంది.

బర్మా పోయినవాళ్ళకు 1964లో తిరుగు ప్రయాణం తప్పలేదు. నే విన్ సైనిక ప్రభుత్వం ఆ ఏడాది మార్చిలో కొట్లను జాతీయం చేసింది. మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవంది. రంగూనులో మూడు తరాలుగా బతికిన తెలుగు, తమిళ కుటుంబాలు దాదాపు చేతులు ఊపుకుంటూ ఓడ దిగాయి. విశాఖపట్నంలో బర్మా క్యాంపు, మద్రాసులో బర్మా బజారు వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో సిలోను ప్రధాని సిరిమావో, మన ప్రధాని శాస్త్రి మధ్య ఒప్పందం కుదిరింది. సిలోను తోటల్లోని ఐదు లక్షల ఇరవై ఐదు వేల మందిని భారతదేశం తీసుకోవాలని నిర్ణయమైంది. వాళ్ళను ఎవరూ నువ్వు వస్తావా అని అడగలేదు.

అంతమంది వచ్చి పడ్డప్పుడు అప్పటి ప్రభుత్వాలు చేసిన పనుల్లో ఒకటి నాకు చాలా నచ్చుతుంది. 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు. తిరిగివచ్చినవాళ్ళ కోసమే పెట్టిన సహకార బ్యాంకు. కేంద్రంతో పాటు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక దాంట్లో వాటాదారులు. పూచీకత్తు ఇవ్వడానికి ఆస్తి లేనివాడికి, ఈ ఊళ్ళో పరిచయస్థులు లేనివాడికి, కొట్టు పెట్టుకోవడానికి, బండి కొనుక్కోవడానికి అప్పు. వచ్చినవాడు ఎక్కడ స్థిరపడితే అక్కడ. ఇంకోపక్క నీలగిరుల్లో సిలోను నుంచి వచ్చిన తోట కూలీల కోసం 1968లో ప్రభుత్వ తేయాకు తోటలు మొదలుపెట్టారు. ఆ తోటల కష్టాలు తర్వాత చాలా ఉన్నాయి, అది ఇప్పుడు వద్దు. కానీ వచ్చినవాణ్ణి భారమని కాకుండా రేపటి పనివాడని చూసిన చూపు అందులో ఉంది. బ్యాంకు మాత్రం ఇప్పటికీ ఉంది, మామూలు జనం కూడా అందులో డబ్బు దాచుకుంటున్నారు.

దాని పక్కన 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళ శరణార్థుల కథ పెట్టి చూడండి. వేలూరు శివారులో మేల్‌మొనవూరులో వాళ్ళ శిబిరం ఒకటి ఉంది, గుడియాత్తంలో ఇంకొకటి. రాష్ట్రమంతా వందకు పైగా ఉన్నాయి. మగవాళ్ళు ఎక్కువగా పెయింటింగ్ పనికి, కూలి పనికి పోతారు. నెల నెలా ప్రభుత్వ భత్యం, రేషను. ఆ భత్యం శిబిరంతో ముడిపడింది. తనిఖీ రోజున అక్కడ కనబడాలి. మంచి పని దొరికి దూరం పోతే భత్యం పోతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివిన పిల్లల్లో కూడా చాలామందికి పౌరసత్వం లేదు, కాబట్టి సర్కారు ఉద్యోగం లేదు.

2021 ఆగస్టు 27న ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో 317.40 కోట్ల రూపాయల పథకాలు ప్రకటించారు. పాడుబడ్డ 7,469 ఇళ్ళ స్థానంలో కొత్తవి కడతామన్నారు. పదేళ్ళుగా కదలని భత్యాన్ని ఇంటి పెద్దకు వెయ్యి నుంచి పదిహేను వందలకు, మిగతా పెద్దవాళ్ళకు ఏడు వందల యాభై నుంచి వెయ్యికి, పిల్లలకు నాలుగు వందల నుంచి ఐదు వందలకు పెంచారు. నవంబరులో మేల్‌మొనవూరులోనే శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబరులో అక్కడే నిలబడి వివిధ జిల్లాల్లో కట్టిన 1,591 ఇళ్ళను ప్రారంభించారు. రేకుల కింద నలభై ఎండాకాలాలు గడిపినవాళ్ళకు పక్కా ఇల్లు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. చేసినవాళ్ళకు దండం పెట్టాలి. ఆ తర్వాత ఒక్క మాట కూడా అనాలి. ఇల్లు మారింది, ముడి మారలేదు. ఆ పౌరసత్వం ఇచ్చే అధికారం చెన్నైలో లేదు, ఢిల్లీలో ఉంది. 2019లో సవరించిన పౌరసత్వ చట్టంలో శ్రీలంక పేరు లేదు.

ఇతర దేశాలు ఏమైనా మెరుగ్గా చేశాయా అంటే, చేశాయి. కొలంబియా ధనిక దేశమేం కాదు. 2021 ఫిబ్రవరిలో, కరోనా నడుస్తుండగానే, వెనెజులా నుంచి పారిపోయి వచ్చిన సుమారు పదిహేడు లక్షల మందికి పదేళ్ళపాటు ఉండే, పని చేసుకునే హక్కు ఇస్తామంది. టీకాలు వేయాలన్నా పన్ను వసూలు చేయాలన్నా ముందు మనిషి లెక్కలోకి రావాలన్నది దాని వెనకున్న ఆలోచన. 2022 మార్చిలో యుక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళకు యూరప్ దేశాలు వారం రోజుల్లోనే పని హక్కు ఇచ్చాయి. అదే యూరప్ 2015లో సిరియావాళ్ళు వచ్చాక, మిగతావాళ్ళను టర్కీలోనే ఆపి ఉంచడానికి మరుసటేడు వందల కోట్ల యూరోల బేరం కుదుర్చుకుంది. అంటే చేయడం తెలియక కాదు. ఎవరికి చేయాలన్న దగ్గరే అందరూ తడబడతారు.

మన దగ్గరా కొంత కదలిక వచ్చింది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు అన్న పద్ధతిని మొదట ప్రయత్నించిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి, 2019 ఆగస్టులోనే. తమిళనాడు 2020 అక్టోబరు ఒకటిన చేరింది. లాక్‌డౌన్ పెట్టిన ఆరు నెలలకు. ఇప్పుడు కుప్పం కార్డుతో గుడియాత్తం కొట్టులో వేలిముద్ర వేసి కేంద్రం ఇచ్చే బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రం తన సొంత డబ్బుతో ఇచ్చే పప్పు, నూనె, పండగ కానుక అడిగితే మాత్రం రావు. కార్డు హద్దు దాటింది గానీ సగమే దాటింది. 2021లో తమిళనాడు కార్డుకు నాలుగు వేల రూపాయలు, పద్నాలుగు రకాల సరుకులు ఇచ్చినప్పుడు కూడా కుప్పం మనిషి క్యూలో లేడు.

సంక్షోభం పేరుతో వచ్చినవి సంక్షోభం పోయాక ఎన్నాళ్ళు ఉంటాయో కూడా చూడాలి. 2020 మార్చిలో పాసింజరు బండ్లు ఆపేశారు. మళ్ళీ నడిపినప్పుడు వాటిని ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్నారు. కనీస టిక్కెట్టు పది రూపాయలది ముప్పై అయింది. అనవసరంగా జనం తిరగకూడదని అప్పట్లో చెప్పిన కారణం. టీకాలు అయిపోయాయి, మాస్కులు పోయాయి, ముప్పై రూపాయలు మాత్రం అలాగే ఉండిపోయింది. చిన్న స్టేషన్ల నుంచి వేలూరుకు, కాట్పాడికి రోజూ టిక్కెట్టు కొని పనికి పోయే మనిషికి రానూ పోనూ నలభై రూపాయలు అదనం అయ్యేది. నెలకు వెయ్యి దాటేది. కార్డుకు ఒకసారి ఇచ్చిన వెయ్యి ఇలా ప్రతి నెలా వెనక్కి పోయింది. 2024 ఫిబ్రవరి ఆఖరులో, పార్లమెంటు ఎన్నికలు దగ్గర పడ్డాక, పాత ఛార్జీ తిరిగి వచ్చింది.

చివరగా ఒక సమాచారం. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి రేషను అన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్కలను బట్టే నడుస్తోంది. 2021లో జరగాల్సిన జనగణన కరోనా వల్ల ఆగింది. ఇప్పుడు 2027 మార్చి ఒకటిని గణన తేదీగా ప్రకటించారు. ఇంతకు ముందు ఎక్కడ ఉండేవారు, అక్కణ్ణించి ఎందుకు వచ్చారు, వచ్చి ఎన్నాళ్ళయింది అనే ప్రశ్నలు 2011లోనూ అడిగారు. ఆ జవాబుల పట్టికలు పూర్తిగా బయటికి వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది, లాక్‌డౌన్ పెట్టేనాటికి అవి దాదాపు పదేళ్ళ పాతవి. గుడియాత్తంలో అద్దె గదిలో ఉన్నవాడూ, మేల్‌మొనవూరు శిబిరంలో ఉన్నవాడూ ఈసారి ఏ గడిలో పడతారో, ఆ గడి ఎంత త్వరగా అధికారుల చేతికి వస్తుందో చూడాలి.